బస్తాల లెక్కన మనిషిని తూచిన సరంగు

బాపట్లలో ఒక రైసుమిల్లు ఇంజను మొరాయిస్తోందని కబురొస్తే పొద్దున్నే తెనాలి నుంచి బయల్దేరి వెళ్ళాను. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మిల్లు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాను. పక్క అరుగు మీద కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ నన్ను ఎగాదిగా చూసి, "తమరు తెనాలి రేకుల ఇంజనీరుగారు కదండీ?" అన్నాడు.

ఆ పేరంటే నాకు ఒళ్ళు మంట. అయినా తలూపాను.

"మా మామగారు పోయారండి. మొన్న శుక్రవారం."

"మీ మామగారెవరయ్యా?"

"రేపల్లె లాంచీ సరంగండి. మీ గురించి చెప్పేవాడండి."

అతనే గుడ్డ సర్దుకుంటూ చెప్పుకుపోయాడు. "చివరి నాలుగు రోజులూ తెలివి ఉండీ లేనట్టుండేదండి. చూడ్డానికొచ్చినవాళ్ళని మాత్రం కుదురుగా కూర్చోనిచ్చేవాడు కాదు. నువ్విటు రా, అమ్మా నువ్వటు జరుగు, అందరూ కాళ్ళవైపే చేరారేంటి, ముంచుతారా అనేవాడు. మంచం మునుగుతుందా చెప్పండి?" అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను టీ డబ్బులు బల్ల మీద పెట్టేసి, టీ తాగకుండానే బస్టాండుకి నడిచాను.

ఆయన పేరేంటో నాకు తెలియదు. పదేళ్ళు ఎరిగిన మనిషి పేరు తెలియకపోవడం ఏంటని మీరనొచ్చు. రేవులో అందరికీ ఆయన సరంగే. సరంగంటే లాంచీ చక్రం పట్టేవాడు. అడగాలని నాకూ తోచలేదు. అదీ మన మర్యాద!

మొదటిసారి ఆయన్ని చూసింది అరవైల్లో, పెనుమూడి రేవులో. కృష్ణ అవతల లంకలో అరటితోటకి నీళ్ళు తోడే ఇంజను పాడైతే, సామాన్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళాను. లాంచీలోకి ఎక్కే చెక్క పక్కన పొట్టి మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ పైకి కట్టిన గళ్ళ లుంగీ, బొత్తాలు లేని ఖాకీ చొక్కా, చెవి మీద ఆర్పిన సగం బీడీ. ఎక్కే ప్రతి మనిషినీ నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒక్క చూపు చూసి ఏదో అంటున్నాడు. చెవి ఒగ్గి వింటే నవ్వొచ్చింది.

"బస్తా. అమ్మా, నువ్వు నడుముకి. నువ్వు బస్తాన్నర, ముందుకి పో తల్లీ, గంప కూడా తీసుకెళ్ళు. ఓహో, ఈ షావుకారుగారు రెండు బస్తాలకి తగ్గరు. ముందుకండి, ముక్కు దగ్గరికి."

వడ్ల బస్తా ఆయన తూకపు రాయి. ఎంతటివాడైనా ఆ రాయికి లోబడాల్సిందే. నా వంతు వచ్చింది. నేనప్పుడు చీపురుపుల్లలా ఉండేవాణ్ణి. "ముప్పాతిక. తమరెక్కడైనా కూర్చోండి బాబూ. తమవల్ల లాంచీకి లాభమూ లేదు, నష్టమూ లేదు" అన్నాడు. చేపల గంపల ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు మండుకొచ్చింది. డిప్లొమా చదివినవాణ్ణి, తెనాలిలో సొంత లేతు షాపున్నవాణ్ణి, వీడెవడు నన్ను తూచడానికి అనుకున్నాను.

విషయం తర్వాత తెలిసింది. ఆ లాంచీకి పాత ఇంజను పోతే ఓనరు ఇంకో పెద్ద ఇంజను తెచ్చి వెనకభాగంలో దించాడు. ఆ బరువుకి లాంచీ వెనక్కి చతికిలపడి, ముక్కు ఆకాశం చూసేది. పరుగు మీద ఉంటే ఇంకా దిగేది వెనకభాగం. అందుకని బరువైనవాళ్ళందరినీ సరంగు ముందుకి తోలేవాడు. అయితే టాపు, నీడ, వీపు ఆనించుకునే బల్లలు అన్నీ వెనకే. ముందు ఎండ, తాళ్ళు, చేపల గంపలు. పెద్దమనుషులు ఎవరైనా ఎక్కడ కూర్చుంటారు? వెనకే. సరంగు ఊరుకుంటాడా? ప్రతి ట్రిప్పుకీ రేవులో ఒక పంచాయితీ.

"ఒడ్డు మీద తమరు పెద్దలండి. ఇక్కడ మాత్రం బస్తా ముప్పావు" అనేవాడు చేతులు కట్టుకునే. గొంతు పెంచేవాడు కాదు. వాళ్ళు లేచి ముందుకి వెళ్ళేదాకా చక్రం పట్టేవాడూ కాదు. బీడీ చెవి మీదే ఉండేది, వెలిగించేవాడు కాదు. ఎంతసేపైనా అలా నిలబడగలడు. చివరికి ఎవరో ఒకరు తిట్టుకుంటూ లేచేవారు.

లంకల్లో నూటికి పైగా ఎకరాల తోటలున్న పెద్దాయన ఒకరుండేవారు. ఆయన మాట మీదే సగం లాంచీ నిండేది. ఒకరోజు సరంగు ఆయన్ని కూడా తీసుకెళ్ళి చేపల గంపల మధ్య కూర్చోబెట్టాడు. రొయ్యల నీళ్ళు కారి ఇస్త్రీ పంచె తడిసింది. ఒడ్డు దిగి ఆయన ఓనరుతో, "నన్ను బస్తాలాగా అటూ ఇటూ మారుస్తాడేంటయ్యా నీ సరంగు? ఇంకో లాంచీ చూసుకోమంటావా?" అన్నారు. ఓనరు గుండెల్లో రాయి పడింది.

మర్నాడే ఓనరు నుంచి నాకు కబురు. "ఏవయ్యా, ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తుంటావుగా. మనుషుల్ని కదపకుండా లాంచీ ముక్కు దించే ఉపాయం ఏదన్నా ఉందా?"

ఉంది. అదే నా ఖర్మ. తెనాలిలో పాతకాగితాల కొట్లో కొన్న ఒక విదేశీ పత్రికలో బొమ్మ చూశాను. నీళ్ళ మీద బాణంలా దూసుకుపోయే మోటారు పడవ, దాని వెనక అడుగున వాలుగా బిగించిన రెండు రేకులు. పడవ పరుగెత్తుతుంటే రేకులు నీటిని కిందికి నొక్కుతాయి, వెనకభాగం పైకి లేస్తుంది, ముక్కు దిగుతుంది. అంతే కిటుకు. అయితే అది వేగంగా పోయే పడవ. మన లాంచీ జోరంటే సైకిలు తొక్కేవాడి జోరు. నాకు ఆ తేడా తెలుసు. తెలిసే, నెమ్మది లాంచీకి సరిపడా రేకులు రెండింతలు పెద్దవి చేశాను, వాలు ఎక్కువ పెట్టాను. డీజిలు ఎక్కువ తాగుతుందని చెప్పాను. తాగనీ అన్నాడు ఓనరు.

పరీక్షకి పదిమంది కూలీల్ని వెనక కూర్చోబెట్టి నడిమి ఏటికి తీసుకెళ్ళాం. జోరు అందుకోగానే వెనకభాగం లేచింది. నేను ఒక గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాను. నీళ్ళు కదలకుండా సమంగా నిలబడ్డాయి. ఓనరు నా వీపు చరిచాడు. నేను సరంగు వంక చూసి, "ఏం సరంగూ, ఇంక బస్తాలు మొయ్యక్కర్లేదుగా?" అన్నాను ఎకసెక్కంగా.

ఆయన ఆ గ్లాసు వంక చూడనేలేదు. మెడ తిప్పి లాంచీ వెనకాల వస్తున్న అలని చూస్తున్నాడు. "పోతున్నంతసేపూ బాగానే ఉంది బాబూ. ఆగేటప్పుడో?" అన్నాడు.

"ఆగాక ఏముంది, రేవేగా!" అన్నాను. అందరూ నవ్వారు.

రేకుల పేరు రేవంతా మోగిపోయింది. పెద్దమనుషులు వెనక టాపు కింద కాళ్ళు చాపుకుని కూర్చోసాగారు. రేవులో కట్టేసి ఉన్నప్పుడు లాంచీ వెనక్కి దిగి, అంచుకీ నీటికీ బెత్తెడు ఎడం కూడా లేకపోయినా ఎవరికీ భయం లేదు. "కదిలితే సర్దుకుంటుందిలే" అనేవారు. కొత్తవాళ్ళు జంకితే పాతవాళ్ళు ఆ మాటే చెప్పేవారు. నిజంగానే కదిలితే సర్దుకునేది. కొల్లూరు నుంచి ఒక పడవాయన వచ్చి తనకూ రేకులు చేసిపెట్టమన్నాడు. రేకుల ఇంజనీరు అన్న బిరుదు అప్పుడే తగిలింది. అప్పట్లో ఆ పేరు వింటే నాకు ఎంత పొంగో చెప్పలేను.

సరంగు మాత్రం నవ్వడం మానేశాడు. మనుషుల్ని తూచడం మానలేదు, తూచి ముందుకి రమ్మనేవాడు, ఎవరూ వినేవారు కాదు. పూర్వం రేవుకి దగ్గరగా వచ్చాక గంట కొట్టేవాడు. ఆ లాంచీలో ఇంజను దగ్గర డ్రైవరు వేరే. సరంగు ముందు నుంచి తాడు లాగి గంట ఒకటి కొడితే నెమ్మది, రెండు కొడితే జోరు. రేకులు వచ్చాక ఏటి సగంలోనే ఒకటి కొట్టి, ఇంకాస్త ఆగి మళ్ళీ ఒకటి కొట్టి, దొంగపిల్లి నడకలాగా రేవు చేర్చేవాడు. ఆలస్యం అవుతోందని ఓనరు విసుక్కునేవాడు. నేను కూడా, ముసలాడికి చాదస్తం అనుకున్నాను. చూడండి నా బుద్ధి! ఎందుకలా చేస్తున్నావని ఒక్కసారి అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది?

ఆ రోజు శ్రావణమాసం. ఏటికి కొత్తనీరు వచ్చి ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది. లంకలో కొత్త బడి ప్రారంభోత్సవానికి తెనాలి నుంచీ రేపల్లె నుంచీ ముప్పైమంది దాకా పెద్దలు వచ్చారు. నన్నూ పిలిచారు, రేకుల ఇంజనీరుగారు కదా! పెద్దల బట్టలకి వాసనంటుతుందని ఓనరు ఆ ట్రిప్పులో చేపల ఆడవాళ్ళని ఎక్కనివ్వలేదు. గంపలూ లేవు, వాళ్ళూ లేరు. ముందుభాగం బోసిగా ఉంది. వచ్చినవాళ్ళంతా వెనక టాపు కిందికే చేరారు. నాకు చోటు దొరక్క ముందు సరంగు పక్కన నిలబడ్డాను.

కదిలేముందు ఆయన వెనక్కి వెళ్ళి అందరికీ దణ్ణం పెట్టాడు. "బాబుగార్లూ, సగంమంది ముందుకి రండి. ఏరు బాగోలేదండి."

"కదిలితే సర్దుకుంటుందిగా, పోనీవయ్యా" అన్నారు తోటల పెద్దాయన. "మాకు ముహూర్తం మించిపోతోంది."

పోనిమ్మని ఓనరు ఒడ్డు మీద నుంచి కేకేశాడు. సరంగు వచ్చి చక్రం పట్టుకున్నాడు.

కదిలింది, సర్దుకుంది. ఏటి నడుమ వరద వడి ఎక్కువ. అక్కడ నెమ్మదిస్తే కొట్టుకుపోతాం, జోరు తగ్గించే వీల్లేదు. ఆయన ఎప్పటిలా సగం ఏట్లో గంట కొట్టలేకపోయాడు. అవతలి రేవు మెట్లు కనబడుతున్నాయి. మేళం వాళ్ళు నిలబడి ఉన్నారు. "వెనక చూడండి బాబూ" అన్నాడు సరంగు మెల్లగా.

చూశాను. లాంచీ వెనకాలే నడుమెత్తు అల, ఎర్రగా, విరగకుండా తరుముకుంటూ వస్తోంది. మేం పరుగెడుతున్నాం కనక అది మమ్మల్ని అందుకోవడం లేదు. జోరు తగ్గిందా, నా రేకులు ఉత్త ఇనపముక్కలు. ముప్పైమంది బరువుకి వెనకభాగం దిగుతుంది, అది దిగిన క్షణానికే ఆ అల వచ్చి పైకెక్కుతుంది. ఆగేటప్పుడో అని ఆయన అడిగింది ఇదే.

"వెళ్ళి చెప్పండి బాబూ. నా మాట వినరు. రేకులు పెట్టిన తమరు చెప్తే వింటారు."

వెళ్ళాను. ఏం చెప్పానో తెలుసా? "కాస్త ఎవరైనా ముందుకి జరుగుతారేమో" అన్నాను నసుగుతూ. నా రేకులు ఆగేటప్పుడు పనిచెయ్యవండీ, ప్రాణాలు పోతాయి లేవండి అని అరవలేకపోయాను. అంతమంది పెద్దల ముందు నామోషీ అడ్డొచ్చింది. "నీ రేకులుండగా మాకేం భయమయ్యా!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. దేవుడా, నేను కూడా నవ్వాను!

రేవు దగ్గరపడింది. ఆయన గంట ఒకటి కొట్టాడు. ఇంజను తగ్గీ తగ్గకముందే వెనకభాగం జర్రున దిగింది. అల అంచు దాటి టాపు కిందికి దూకింది. కేకలు. ఆయన వెంటనే రెండు గంటలు కొట్టాడు. మళ్ళీ జోరు అందుకుని లాంచీ లేచింది. మోకాలు లోతు నీళ్ళతో లేచింది. ఇంకోసారి తగ్గిస్తే ఇక లేవదు. ఆయన రేవు మెట్లకేసి చూశాడు, పక్కన దిగువగా ఉన్న ఇసుక మేటకేసి చూశాడు. "గట్టిగా పట్టుకోండి బాబూ" అని చక్రం తిప్పేశాడు. మళ్ళీ రెండు గంటలు కొట్టాడు.

పూర్తి జోరు మీద లాంచీ మేట ఎక్కింది. మనుషుల మీద మనుషులు పడ్డారు. ఒకాయన పన్ను ఊడింది, పెద్దాయన ముక్కు పగిలింది, అందరివీ పంచెలు బురద. ప్రాణం ఒక్కటీ పోలేదు. చక్రానికీ చెక్కకీ మధ్య సరంగు కుడిచెయ్యి మోచేతి దగ్గర నలిగిపోయింది. ఆయన ఇసుకలో కూర్చుని ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో తలలు లెక్కపెడుతున్నాడు. ముప్పై ఒకటి అనేదాకా లేవలేదు.

కృతజ్ఞత చెప్తారనుకుంటున్నారా? తాగి నడిపాడన్నారు. ఆయన జన్మలో కల్లు ముట్టిన మనిషి కాదు.

రేపల్లె బంగళాలో విచారణ పెట్టారు. ఇంజను డ్రైవరు ఉన్నమాటే చెప్పాడు. "రేవు దగ్గర రెండు గంటలు వినబడ్డాయండి. జోరు పెంచమని. రెండుసార్లు." అధికారి నా వైపు తిరిగాడు. "మీ రేకుల్లో లోపమేమైనా ఉందా?"

"లేదండి."

"విరగడం, వదులవడం?"

"లేదండి. గట్టిగానే ఉన్నాయి."

అంతకుమించి అడగలేదు. నేను చెప్పలేదు. జోరు తగ్గితే ఏమవుతుందో ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. సరంగుని అడిగారు. ఆయన కట్టుకట్టిన చెయ్యి పట్టుకుని నిలబడి, "ఆపితే మునిగేదండి" అన్నాడు.

"మరి ఇంజనీరుగారు రేకులు బాగున్నాయంటున్నారే?"

ఆయన నా వంక చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నేను నేల చూస్తున్నాను. "బాబు చెప్పింది నిజమేనండి. రేకులు బాగానే ఉన్నాయి. గంటలు కొట్టింది నేనే" అన్నాడు. లైసెన్సు పోయింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆ రోజు పాపమంతా ఆయన ఒక్కడి కొంగునే కట్టారు.

బంగళా మెట్ల మీద ఆయనే నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఆ రేకులు మాత్రం తీసేయండి బాబూ. వాటిని చూసి జనానికి ధైర్యం ఎక్కువైపోతోంది. అవి లేకపోతే నీళ్ళే చెప్తాయి ఎక్కడ కూర్చోవాలో" అన్నాడు.

"తీసేస్తాను" అన్నాను.

తియ్యలేదు. లాంచీ బాగుచేశారు, కొత్త సరంగు వచ్చాడు, పెద్దలు మళ్ళీ టాపు కిందే కూర్చున్నారు. రేకులు తీస్తే ఎందుకు తీశావంటారు. అప్పుడు అంతా బయటపడుతుంది. రేపు వెళ్దాం, వచ్చేవారం వెళ్దాం అంటూ ఆరేళ్ళు గడిపాను.

ఆయన మాత్రం రోజూ రేవుకి వచ్చేవాడట. వంకరపోయిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని ఎక్కే చెక్క పక్కన నిలబడి, "బస్తాన్నర, ముందుకి పో తండ్రీ, వెనక కూర్చోకు" అని ఎక్కేవాళ్ళని బతిమాలేవాడట. సరంగుకి పిచ్చెక్కిందన్నారు. కొందరు పిల్లిమొగ్గలు వేసి చూపించేవారట ముందుకి పోతున్నట్టు. ఒకసారి భట్టిప్రోలులో పని ఉండి బస్సులో పోతుంటే పక్కనున్నాయన ఇదంతా నవ్వుకుంటూ చెప్పాడు. లంకల్లో పని వస్తే నేను రాలేనని చెప్పి తప్పించుకోవడం అప్పటినుంచే. చివరికి ఆయన కూతురు వచ్చి బాపట్ల తీసుకుపోయింది. రేవులో చెప్పేవాడు కూడా లేకుండా పోయాడు.

బాపట్ల నుంచి వచ్చిన రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారగట్ల మొదటి బస్సుకి రేపల్లె వెళ్ళి, అక్కణ్ణుంచి రేవుకి నడిచాను. లాంచీ కట్టేసి ఉంది. "రేకులు చూడాలి" అంటే కొత్త సరంగు అడ్డు చెప్పలేదు. నడుములోతు నీళ్ళలో దిగి బోల్టులు విప్పాను. పావుగంట పట్టింది. రెండు రేకులూ ఒడ్డుకి లాగి పడేశాను.

ఏడుగంటల ట్రిప్పుకి జనం నిండారు. అలవాటు ప్రకారం పెద్దలు వెనక, గంపలు ముందు. తోటల పెద్దాయన కూడా ఉన్నారు. నేను ఒడ్డు మీద నిలబడి, "రేకులు తీసేశానండీ, ముందుకి వెళ్ళండి" అని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. లాంచీ కదిలింది. ఈసారి సర్దుకోలేదు. జోరు పెరిగేకొద్దీ వెనక్కి దిగింది, ముక్కు లేచింది, అంచు మీదుగా నీళ్ళు చిమ్మాయి. బాబోయ్ అన్న కేకలు. అంతే, ఒకరి మీద ఒకరు పడుతూ అందరూ ముందుకి పాకారు. పెద్దాయన పంచె ఎగదోపుకుని గంపల మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. ఒకావిడ గంప ఒళ్ళోకి తీసుకుని ఆయనకి చోటిచ్చింది. లాంచీ ముక్కు దిగింది. ఎవడ్రా లాంచీ పాడుచేసిన వెధవ అని ఏటి మీద నుంచి తిట్లు వినబడుతున్నాయి. అవతల ఇంజను చప్పుడు తగ్గడం విన్నాను. లాంచీ మామూలుగా రేవు చేరింది.

ఈలోపు ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవర్నడిగి తీశావయ్యా? సాయంత్రంలోగా బిగించకపోతే ఊరుకోను" అన్నాడు.

"బిగించను. ఆ రోజు ఆపి ఉంటే ముప్పైమందిమీ చచ్చేవాళ్ళం. మీ సరంగు రెండు గంటలు కొట్టి మమ్మల్ని బతికించాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు" అన్నాను. చుట్టూ రేవు జనం చేరారు.

ఓనరు కోపం చల్లారింది. నా మొహంలోకి వింతగా చూశాడు.

"అప్పుడే తెలిస్తే, మరి విచారణలో ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు.

అందరూ నా నోటికేసి చూస్తున్నారు. "నామోషీ అడ్డొచ్చిందండి" అన్నాను, అందరికీ వినబడేలా.